బోర్డు బాబాయ్ మతిమరుపు

"నాకు మతి పోయిందో లేదో మీరు తేల్చాలమ్మా," అన్నాడు ఆ పెద్దాయన కుర్చీ అంచున కూర్చుంటూ. "పోయిందంటే నోరు మూసుకుని ఇంట్లో పడుంటాను. పోలేదంటే మాత్రం, నా కళ్ళతో నేను చూసిందేమిటో ఎవరైనా నాకు చెప్పాలి."

ఆయన పక్కనే నిలబడ్డ కూతురు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

బల్ల వెనక కూర్చున్న డిటెక్టివ్‌ని ఊళ్ళో అందరూ తూకం మేడమ్ అంటారు. ఇరవై ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, తక్కెడ పళ్ళెం అడుగున చింతపండు అంటించిన కొట్లవాళ్ళను హడలెత్తించిన మనిషి. ఒక పెద్ద కొట్టుని పట్టుకున్నందుకు పై నుంచి చీవాట్లు పడితే, రాజీనామా కాగితం వాళ్ళ మొహాన కొట్టి ఈ దర్జీ కొట్టు మేడ మీద సొంత ఆఫీసు తెరిచింది. ఆమె సహాయకుడు ఒకప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. అచ్చాఫీసు మూతపడినా ఆ జబ్బు మాత్రం వదల్లేదు. మందు సీసా మీద చీటీ మొదలుకొని గోడ మీద రాతల దాకా కనిపించిన అక్షరమల్లా చదవందే ఆయనకు ముద్ద దిగదు. మేడమ్ ఆయనను "ప్రూఫు గారూ" అని పిలుస్తుంది. ఆమె నోట ఆ పిలుపు వింటే ఆయనకు ఈ వయసులోనూ గుండె పొంగుతుంది.

"మొదటి నుంచి చెప్పండి బాబాయ్ గారూ," అంది మేడమ్.

పెద్దాయన పురపాలక సంఘం ఆఫీసులో అటెండరు. ఆఫీసు గుమ్మంలో ఉన్న నోటీసు బోర్డు ముప్ఫై రెండేళ్ళుగా ఆయన చేతిలోనే ఉంది. అందుకే చిన్నా పెద్దా అందరికీ బోర్డు బాబాయ్ అయిపోయాడు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు.

ఊరి మధ్యలో పాత బస్సుల షెడ్డు స్థలం ఉంది. నాలుగెకరాలు. పగలు తోపుడు బండ్లవాళ్ళు అక్కడే బండ్లు పెట్టుకుంటారు, సాయంత్రం పిల్లలు బంతాట ఆడతారు. దాన్ని ఒక బిల్డరుకి అమ్మాలని సంఘం అనుకుంది. ఊరి ఆస్తి అమ్మాలంటే ముందు ముప్ఫై రోజులు బోర్డు మీద నోటీసు ఉండాలి. ఎవరైనా కాదంటే వినాలి. పోయిన నెలంతా నోటీసు బోర్డు మీదే ఉందనీ, ఒక్క అభ్యంతరమూ రాలేదనీ చెప్పి సభ్యులందరూ చేతులెత్తి అమ్మకానికి ఒప్పేసుకున్నారు. స్థలం చుట్టూ రేకుల కంచె లేచాక గాని జనానికి తెలియలేదు. నోటీసు ఎప్పుడు పెట్టారని వచ్చి నిలదీస్తే, బోర్డు బాబాయ్ ఉన్నమాట అనేశాడు.

"నేను పెట్టలేదన్నానమ్మా. అంతే, సస్పెండు చేశారు. బండ్లవాళ్ళ దగ్గర డబ్బు తిని అబద్ధమాడానట. ఎల్లుండి విచారణ."

"మరి మీ కళ్ళతో చూసిందేమిటి?"

"ఈ నెల ఒకటో తేదీ పొద్దున వెళ్ళేసరికి ఆ నోటీసు బోర్డు మీద ఉంది. పోయిన నెల ఒకటో తేదీ వేసి, సీలుతో సహా. నేను పెట్టినట్టు నాకు గుర్తే లేదు. పదిహేనేళ్ళుగా బోర్డుకి పైఅధికారి అయిన సమాచార అధికారి గారు వచ్చి, 'అదేంటి బాబాయ్, నెల కింద నేనే నీ చేతికిచ్చాను, నువ్వే పెట్టావు, ఇంక గడువైపోయింది, తీసి, నెలంతా ఉందని సంతకం చెయ్' అన్నారు. నాకు చెమటలు పట్టేశాయి. చేసేశాను."

"మా నాన్నగారు ఈ మధ్య చాలా మర్చిపోతున్నారండీ," అంది కూతురు మెల్లిగా. "కళ్ళజోడు ఎక్కడో పెడతారు. నోటీసుల నోటుబుక్కు రెండు రోజులు కనపడకుండా పోయింది. ఆ సమాచార అధికారి గారే పాపం మంచాయన, నాకు ఫోన్ చేసి, డాక్టరుకి చూపించమ్మా అన్నారు. అప్పట్నుంచి గ్యాస్ పొయ్యి ముట్టుకోనివ్వడం లేదు. ఇంటి తాళంచెవి కూడా నా దగ్గరే పెట్టుకున్నాను."

కూతురు చూసుకోక నోరు జారిందేమో గాని, ఆ తాళంచెవి మాట వినగానే పెద్దాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ప్రూఫు గారికి ప్రాణం ఉసూరుమంది.

"బోర్డు మీద కాగితం ఎలా పెడతారో చెప్పండి," అంది మేడమ్ ఏమీ విననట్టే.

ఈ ప్రశ్నకు ఆయన నడుము నిటారైంది. "చిన్న కాగితమైతే నాలుగు మూలలా నాలుగు గుండుసూదులమ్మా. పెద్దదైతే నడిమికి ఇంకో రెండు. లేకపోతే పొట్ట ఉబ్బి వేలాడిపోతుంది. పెట్టే ముందు వెనకవైపు కింద మూల పెన్సిల్‌తో తేదీ వేస్తాను. తర్వాత నోటుబుక్కులో ఎక్కిస్తాను. ఈ నోటీసు నా బుక్కులో లేదు."

మర్నాడు పదకొండింటికి మేడమ్, ప్రూఫు గారు పురపాలక సంఘం ఆఫీసు మెట్లెక్కారు. గుమ్మంలోనే బోర్డు. అద్దం తలుపు, దానికి చిన్న తాళం. పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. పోయిన నెలే కొత్తగా వేసిన లోపలి ఆకుపచ్చ గుడ్డ వెలిసి గడ్డి రంగుకి వచ్చింది. మధ్యలో మాత్రం కిటికీ తలుపంత చదరం ఇంకా ముదురు పచ్చగానే ఉంది. పక్కన కుళాయి నీళ్ళ వేళలు చెప్పే కాగితం ఒకటి పోయిన నెల ఒకటో తేదీ నుంచీ ఉన్నట్టుంది, అప్పడంలా పసుపెక్కి అంచులు చుట్టుకుపోయింది. ప్రూఫు గారు దాన్ని రెండుసార్లు చదివి, ఒక దీర్ఘం తప్పిందని లోలోపల విసుక్కున్నారు.

సమాచార అధికారి గది చల్లగా, శుభ్రంగా ఉంది. ఆయనా అంతే. నవ్వుతూ లేచి కుర్చీలు చూపించాడు.

"బాబాయ్ కోసం వచ్చారా? మంచి పని చేశారు. నాకు సొంత బాబాయ్ లెక్కండీ. వయసు, ఏం చేస్తాం! మొన్నొకసారి ఆయన నోటుబుక్కు నా బీరువా మీద దొరికింది. ఆయనకే తెలీదు ఎప్పుడు పెట్టాడో."

"నోటీసు ఆయన చేతికి ఎప్పుడిచ్చారు?"

"ఒకటో తేదీ మధ్యాహ్నం. వెంటనే పెట్టేశాడు."

"మీరు బోర్డు మీద చూశారా?"

"రోజూ చూసేవాణ్ణండీ. వస్తూ పోతూ. సరిగ్గా మధ్యలో ఉండేది, వీధిలోంచే కనపడేది. జనానికి చదివే అలవాటు లేకపోతే మనమేం చేస్తాం? మా శాఖ పనే అన్నీ జనం కళ్ళ ముందు పెట్టడం."

"బోర్డు తాళంచెవులు ఎన్ని?"

"రెండు. బాబాయ్ దగ్గరొకటి, నా సొరుగులో ఒకటి. నేనెప్పుడూ తీసిన పాపాన పోలేదు."

మేడమ్ లేస్తూ నోటీసు అసలు కాగితం ఒకసారి చూడాలంది. అది భూముల విభాగంలో ఉందన్నాడాయన. ఆ విభాగం హెడ్ గుమాస్తా చిటపటలాడుతూ ఫైలు తీశాడు.

"రాయడం నా పని, రాశాను. ఒకటో తేదీన సమాచారం వాళ్ళకి పంపాను. ఆ తర్వాత దాన్ని గోడకి కొట్టారో గంగలో కలిపారో నాకనవసరం. నన్ను దీంట్లోకి లాగకండి."

"మీరు బోర్డు మీద చూశారా?"

"చూడలేదు. చూడాలనీ అనుకోలేదు. ఈ ఆఫీసులో ఎక్కువ చూసినవాడు బాగుపడ్డట్టు నేనెక్కడా వినలేదు." అంటూ మొహం ఫైల్లో పెట్టేసుకున్నాడు. దోషి ఈయనే అయితే బాగుండునని ప్రూఫు గారికి అనిపించింది.

నోటీసు పాలలా తెల్లగా ఉంది. మేడమ్ దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు. మధ్యలో, జానెడు ఎడంగా, ఇంకో రెండు. వెనకవైపు పెన్సిల్ గీత కూడా లేదు. ఆమె సంచిలోంచి ఉక్కు స్కేలు తీసి ఆ ఆరింటి మధ్య దూరాలూ కొలిచి రాసుకుంది.

చైర్మన్ గారు మాత్రం నిలబెట్టే మాట్లాడారు. "బోర్డులు చదివే తీరిక నాకెక్కడిదమ్మా? అంతా చట్టప్రకారం జరిగింది. ఊరు అభివృద్ధి కావాలా వద్దా, మీరే చెప్పండి!" అంటూ కారెక్కేశారు.

అక్కణ్ణుంచి స్థలం దగ్గరికి వెళ్ళారు. రేకుల కంచె మీద కట్టబోయే భవంతి బొమ్మ వేలాడుతోంది. కింద వరసగా కొట్లు. మూలనున్న అన్నిటికన్నా పెద్ద కొట్టు మీద 'ఇచ్చేశాము' అని, ఎవరికో అప్పుడే కేటాయించినట్టు ఎర్ర చీటీ అంటించి ఉంది. కంచె బయట, మురిక్కాలవ గట్టున తోపుడు బండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. ఒక అరటిపళ్ళావిడ కాలవలోంచి లేచిన ఈగలను గుడ్డతో తోలుతోంది.

"నోటీసు ఇచ్చారటగా అమ్మా," అంది ఆవిడ. "నేను రోజూ ఆ గుమ్మం ముందు నుంచే పోతాను. నాకు చదువొచ్చు."

మేడమ్ దవడ బిగుసుకోవడం ప్రూఫు గారు చూశారు.

సాయంత్రం బోర్డు బాబాయ్ ఇంటికి వెళ్ళారు. రెండే గదులు. కూతురు కాఫీ కలుపుతుంటే, వంటగది అలమరలో డబ్బాల కింద పరిచిన దళసరి కాగితం మీద ప్రూఫు గారి కళ్ళు పడ్డాయి. అక్షరాలు కనపడ్డాక ఊరుకోవడం ఆయన వల్ల కాదు. మెడ వంచి చదివారు. 'పారదర్శకత వారోత్సవం. ఒకటో తేదీ నుంచి ఏడో తేదీ వరకు. మీ పాలన, మీ కళ్ళ ముందు.'

"అదా," అంది కూతురు. "చెత్తబుట్టలో పారేస్తే నాన్నగారు తెచ్చారు. మంచి కాగితమని."

"ఎప్పుడు తెచ్చారు బాబాయ్ గారూ?" అని అడిగారు ప్రూఫు గారు.

"ఈ నెల ఒకటినే. ముందు రోజు సాయంత్రం నేను ఇంటికెళ్ళాక ఆఫీసులో ఎవరో తీసి పారేశారు. పోయిన నెల ఒకటిన పొద్దున్నే నేనే పెట్టాను. ఏడున తీసేద్దామంటే, సమాచారం గారు, పై నుంచి తనిఖీకి వస్తారు, ఉంచు అన్నారు."

"వారం రోజుల పండగ నెలంతా చేశారన్నమాట," అన్నారు ప్రూఫు గారు, ఏదో అచ్చుతప్పు దొరికినట్టు నవ్వుతూ.

మేడమ్ నవ్వలేదు. గభాలున లేచి డబ్బాలన్నీ దించి, కాగితం తీసి, వెనక్కి తిప్పి వేళ్ళతో తడిమింది. తర్వాత స్కేలు తీసింది. కొలవడం అయ్యాక కుళాయి కింద చాలాసేపు చేతులు కడుక్కుంది.

"ప్రూఫు గారూ," అంది తుడుచుకుంటూ, "మీ చదువు జబ్బు ఎప్పటికీ నయం కాకూడదు."

విచారణ చైర్మన్ గారి సమావేశం గదిలో జరిగింది. బల్ల చుట్టూ చైర్మన్, నలుగురు సభ్యులు, సమాచార అధికారి, హెడ్ గుమాస్తా. ఓ మూల బెంచీ మీద బోర్డు బాబాయ్, ఆయన కూతురు. కిటికీల బయట బండ్లవాళ్ళు గుమిగూడారు. తొందరగా తేల్చేయండి, భోజనాల వేళవుతోందని ఒక సభ్యుడు విసుక్కున్నాడు.

మేడమ్ నోటీసును బల్ల మీద పరిచింది.

"ఇది నెలరోజులు ఎండ పడే బోర్డు మీద ఉందన్నారు. దీని పక్కనే ఉన్న నీళ్ళ కాగితం పసుపు ముద్దయింది. ఇది తెల్లగా ఉంది. అంటే దీని మీద ఎండ పడలేదు."

"అయితే అసలు పెట్టనే లేదంటారా?" అన్నారు చైర్మన్.

"పెట్టారు. నెలరోజులూ బోర్డు మీదే ఉంది. అదే ఇక్కడ జరిగిన పాడు పని." ఆమె చుట్టి తెచ్చిన పోస్టరును విప్పి నోటీసు మీద పరిచింది. "చిన్న కాగితానికి బాబాయ్ గారు నాలుగు సూదులే గుచ్చుతారు. ముప్ఫై రెండేళ్ళ అలవాటు. ఈ నోటీసుకి ఆరు బెజ్జాలున్నాయి. నడిమి రెండూ దీనివి కావు, పోస్టరువి. పోస్టరు నడిమి సూదులు దీన్ని కూడా పొడుచుకుని గుడ్డలోకి దిగాయి. ఇదిగో, కొలత వెంట్రుకవాసి తేడా లేదు. ఇప్పుడు పోస్టరు వెనక తడిమి చూడండి. నాలుగు చిన్న గుంటలు. నోటీసు మూలలకు గుచ్చిన సూదుల తలకాయలు నెలరోజులు ఒత్తుకుని పడ్డవి. బోర్డు గుడ్డ మీద వెలవకుండా మిగిలిన చోటు కూడా సరిగ్గా ఈ పోస్టరంతే ఉంది."

హెడ్ గుమాస్తా ముందుకు వంగి పోస్టరు మీది అక్షరాలు పైకే చదివాడు. "మీ పాలన, మీ కళ్ళ ముందు." చదివి, నోరు చేదెక్కినట్టు మొహం పెట్టాడు.

"బాబాయే మర్చిపోయి దాని మీద పోస్టరు పెట్టుంటాడు," అన్నాడు సమాచార అధికారి. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "పాపం, ఆయన పరిస్థితి నేను ముందే చెప్పాను."

"పోస్టరు పొద్దున పెట్టారు. నోటీసు మధ్యాహ్నం ఇచ్చానన్నది మీరే. ముందు పెట్టిన దాని వెనక్కి, తర్వాత వచ్చింది ఎలా వెళ్తుంది? తాళం తీసి, పోస్టరు విప్పి, దాన్ని లోపల గుచ్చి, మళ్ళీ పాత బెజ్జాల్లోనే పోస్టరు పెట్టాలి. ఇంత ఓపికగా చేసినవాడిది మతిమరుపు కాదు. రెండో తాళంచెవి మీ సొరుగులో ఉంది. ఏడున తియ్యాల్సిన పోస్టరుని ఉంచమన్నది మీరు. ఇంకొకటి. ఆ నోటీసు బోర్డు మీద చూశారా అని నేను అందరినీ అడిగాను. చైర్మన్ గారు తీరికలేదన్నారు, గుమాస్తా గారు చూడలేదన్నారు. చదువొచ్చిన అరటిపళ్ళావిడ కూడా చూడలేదు. మీరొక్కరే రోజూ చూశానన్నారు, వీధిలోంచే కనపడేదన్నారు. పోస్టరు వెనక ఉన్న కాగితం అది అక్కడుందని తెలిసినవాడికి తప్ప ఎవరికి కనపడుతుంది?"

అధికారి పెదవులు తడుపుకున్నాడు.

"పదిహేనేళ్ళుగా బోర్డుకి పైఅధికారిగా ఉన్నారు. దించిన నోటీసు ఒక్కటైనా తిప్పి చూసుంటే, వెనక పెన్సిల్‌తో తేదీ వేయాలని మీకు తెలిసేది. ఎప్పుడూ చూడలేదు. కాని ఇదంతా ఒక ఎత్తు." మేడమ్ స్కేలు బల్ల మీద పెట్టేసింది. "ఆ మనిషి కళ్ళజోడు దాచారు. నోటుబుక్కు దాచి మీ బీరువా మీద దొరికిందన్నారు. ఆయన కన్నకూతురికి ఫోన్ చేసి జాలి పడ్డారు. తన బుర్ర తనే నమ్మలేని స్థితికి తెచ్చి, సంతకం పెట్టించుకున్నారు. దొంగతూకాలు నేను చాలా చూశాను. ఇంత రోత ఎక్కడా చూడలేదు."

"నేనేం చట్టం తప్పలేదు!" అన్నాడు అధికారి ఒక్కసారిగా. నవ్వు పోయింది. "బోర్డు మీద ఉండాలన్నారు, ఉంచాను. కనపడాలని చట్టంలో ఎక్కడుంది? చూపించండి!"

అచ్చు లోకంలో ఎన్నో తప్పులు దిద్దిన ప్రూఫు గారికి ఇలాంటిదాన్ని ఏ గుర్తు పెట్టి దిద్దాలో తోచలేదు.

"అక్కడ కట్టబోయే భవంతిలో మూల కొట్టు ఎవరిదో నేను చెప్తాను," అన్నాడు హెడ్ గుమాస్తా హఠాత్తుగా లేచి. "ఈయన బావమరిదిది. నాకు పదిరోజుల కిందటే తెలిసింది. నోరు మూసుకున్నాను. సిగ్గులేకుండా మూసుకున్నాను."

చైర్మన్ గొంతు సవరించుకున్నారు. "ఇది ఒక వ్యక్తి చేసిన పొరపాటు. సంఘానికి సంబంధం లేదు. ఆయన మీద కేసు పెడతాం. అమ్మకం రద్దు చేసి, మళ్ళీ నోటీసు ఇస్తాం. అలాగే వచ్చే నెల ఇంకా పెద్ద ఎత్తున పారదర్శకత..."

"అమ్మకానికి చేతులెత్తే ముందు," అంది మేడమ్, "ఆ నోటీసు ఏదని మీలో ఒక్కరైనా అడిగారా?"

నలుగురు సభ్యులూ బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసుల వైపు చూశారు. భోజనాల వేళయిందన్నాయన చేతిగడియారం సరిచేసుకున్నాడు. కిటికీ బయట అరటిపళ్ళావిడ కాండ్రించి ఉమ్మేసిన చప్పుడు అందరికీ వినపడింది.

మూడో రోజున కొత్త నోటీసు వచ్చింది. తిరిగి పనిలోకి వచ్చిన బోర్డు బాబాయ్ దాన్ని వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో తేదీ వేసి, మనిషి కళ్ళకు సరిపోయే ఎత్తులో నాలుగు సూదులు గుచ్చాడు. జేబులోంచి నోటుబుక్కు తీసి ఎక్కించాడు. ఆయన తాళం వేసేలోపే వెనక ముప్ఫై మంది పోగయ్యారు. చదువురానివాళ్ళ కోసం ప్రూఫు గారు గట్టిగా చదివి వినిపించారు. అభ్యంతరం కాగితాలు అక్కడి మెట్ల మీదే రాయడం మొదలైంది.

జనం వెనక కూతురు నిలబడి ఉంది. దగ్గరికి వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి, ఇంటి తాళంచెవి తీసి తండ్రి అరచేతిలో పెట్టింది.

పెద్దాయన తాళంచెవిని బోర్డు తాళంచెవితో కలిపి ఒకే తాడుకి ముడేశాడు.

"సాయంత్రం తొందరగా వెళ్ళి వంట నేనే చేస్తానమ్మా," అన్నాడు. "పొయ్యి కట్టేయడం మర్చిపోను."